అంచు పట్టింది

ముప్పై నాలుగేళ్లు ఐస్‌క్రీమ్ తిప్పిన చెయ్యి ఇప్పుడు ఒళ్లో చిన్న తలగడ మీద పడుకుని ఉంటుంది. ఎవరిదో చెయ్యి దారి తప్పి వచ్చి తన ఒళ్లో నిద్రపోతున్నట్టు ఉంటుంది గిరగిరకి.

గిరగిర అనేది పిల్లలు పెట్టిన పేరు. బడి గేటు ముందు బండి ఆపి, కొయ్య బకెట్‌లో ఐసు ముక్కలూ ఉప్పూ కూరి, నడుమ పాల డబ్బా దించి, పైనున్న పిడి పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. ఆ పిల్లలకి పిల్లలు పుట్టారు, పేరు మాత్రం ఉండిపోయింది. అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఏడు నెలల కిందట ఒక పొద్దున పిడి మీది నుంచి చెయ్యి జారింది. మళ్లీ పట్టుకుందామంటే మాట వినలేదు. కుడిచెయ్యి, కుడికాలు, మూతి కుడి మూల మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పని మానేశాయి. కాలు కొంచెం దారికొచ్చింది. మూతి తొందరగానే తేరుకుంది. "అది ఆగితేగా, దానికి విశ్రాంతి ఎప్పుడుందని" అంటుంది పక్కింటి కుట్టు పిన్ని. చెయ్యి ఒక్కటే రాలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే వంటింట్లో టకటకమని చప్పుడైతే గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాడు. కూతురు పెద్ద గిన్నె చంకలో ఇరికించుకుని, తీగల గరిటెతో ఏదో గిలక్కొడుతోంది. గిన్నె నిండా తెల్లటి నురగ.

"ఏంటే తల్లీ, పొద్దున్నే సబ్బునీళ్లా? క్యాంటీన్‌లో చేసింది చాలదా?"

"సబ్బు కాదు నాన్నా, క్రీమ్. చూడు, గరిట ఎత్తితే ముక్కులాగా నిలబడాలి." గరిట ఎత్తింది. నురగ నిలబడింది.

"నిలబడింది సరే. ఐసేదీ? ఉప్పేదీ?"

"అవేం అక్కర్లేదు. ఇందులో డబ్బాపాలు పోసి, నాలుగు చుక్కలు వెనిల్లా వేసి, నెమ్మదిగా కలిపి ఫ్రీజర్‌లో పెట్టేస్తే మధ్యాహ్నానికి ఐస్‌క్రీమ్."

"తిప్పేదెవరు?"

"ఎవరూ తిప్పరు. తిప్పకుండా చేసేదే ఇది."

గిరగిర మూతి బాగున్న వైపు నుంచి నవ్వాడు. "తిప్పకుండా ఐస్‌క్రీమా! రేపు ఉడకబెట్టకుండా అన్నం కూడా వండుతావు."

"నువ్వు తిప్పింది ఎందుకు? గడ్డకట్టేటప్పుడు లోపలికి గాలి పోవడానికి. ఇక్కడ గాలి ముందే కొట్టేశాం. ఇక దాన్ని కదపకూడదు. కదిపితే గాలంతా పోతుంది."

"గాలంట! ఐస్‌క్రీమ్ చేస్తున్నావా, సైకిల్ ట్యూబ్‌కి కొడుతున్నావా?"

కూతురు నవ్వలేదు. డబ్బాపాలు ధార కట్టి పోస్తోంది, గరిట అడుగు నుంచి పైకి మడతపెడుతూ కలుపుతోంది. ఆమె వేళ్లకేసి చూసి గిరగిర నవ్వు మింగేశాడు. పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో ఆమెది ప్లేట్లు కడిగే తొట్టి. తొమ్మిదేళ్లుగా ఆ సబ్బునీళ్లలో నాని వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయాయి. రెండు గోళ్లు చర్మం నుంచి లేచిపోయాయి. డాక్టరమ్మ మందు రాసిచ్చి, "ముందు చేతులు తడవకుండా చూసుకో" అందట. ఈమె "సరేనండీ" అని, అటునుంచి అటే తొట్టి దగ్గరకి వెళ్లింది.

క్యాంటీన్‌లో చల్లటి తీపి అమ్మే కౌంటరు నెల కిందట ఖాళీ అయింది. దాని మీద కూర్చోవాలని కూతురి ఆశ. పొడి చేతులతో, కుర్చీలో, గాజుబల్ల వెనక. మేనేజరు వెంట పడగా పడగా విసుక్కుని ఒక మాటన్నాడు. "శుక్రవారం నాలుగింటికి ఒక డబ్బా చేసుకురా. నేనూ పైవాళ్లిద్దరూ నోట్లో వేసుకుని చూస్తాం. బాగుంటే నీదే. బాగాలేకపోతే ఇక ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు."

ముందు చేసి చూసుకోకుండా దిగలేదు ఆమె ఈ పనికి. పోయిన ఆదివారం ఒకసారి చేసి కుట్టు పిన్నికి పెట్టింది. పిన్ని గిన్నె అడుగు దాకా నాకి, "నోట్లో పెట్టానో లేదో మాయం!" అంది. గిరగిరకి షుగరు కాబట్టి పెట్టలేదు. పిన్ని నాలుక మీద ఆయనకి నమ్మకం లేదు. కాగితం మీద చక్కెర చల్లి ఇచ్చినా ఆవిడ బాగుందనే అంటుంది.

స్టీలు డబ్బా అంచుల దాకా నింపి, పైన గరిటతో నునుపు చేసి, మూత పెట్టి ఫ్రీజర్‌లో తోసింది కూతురు. చెప్పులేసుకుంటూ ఒకసారి చెప్పింది, గడప దాటుతూ ఇంకోసారి చెప్పింది, వీధిలోకి వెళ్లి కిటికీలోంచి మూడోసారి చెప్పింది.

"నాన్నా, ఫ్రిజ్ తలుపు తియ్యకు. మూడున్నరకి నేనే వచ్చి పట్టుకెళ్తా."

"నాకేం పని దాంతో. నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

తొమ్మిదింటి దాకా చిన్నపిల్లాడు కాకుండానే ఉన్నాడు. కసరత్తు అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని కుడిచేతిలో పెట్టి నొక్కమన్నాడు. అది నొక్కలేదు. ఆ అమ్మాయి ఆసుపత్రి నుంచి శనివారం శనివారం వస్తుంది. పోయినవారం గుమ్మం దగ్గర కూతురితో గొంతు తగ్గించి, "రావాల్సిందేదో ఈపాటికే వస్తుందండీ, ఇంకొక్క వారం చూస్తాను" అంది. గిరగిరకి చెయ్యి పోయింది గానీ చెవులు పోలేదు.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. గుర్రు ఆగినప్పుడల్లా ఆయన గుండె ఒకసారి ఆగుతోంది. లోపల ఎలా ఉందో! పనిలో ఉన్నవాళ్లకి తెలిసిన సంగతి ఒకటుంది. చల్లదనం ముందు డబ్బా గోడకి తగులుతుంది. అంచు ముందు గడ్డకడుతుంది, నడుమ పాలు పాలుగానే ఉంటాయి. అంచు పట్టడం అంటారు దాన్ని. అంచు పట్టగానే గోకి నడుమకి తొయ్యాలి, మళ్లీ తిప్పాలి, మళ్లీ గోకాలి. బద్ధకించావా, నీళ్లు పలుకులు పలుకులుగా గడ్డకట్టి పంటి కింద కరకరలాడతాయి. దాన్ని ఇసక అంటారు. ఇసక పట్టిన డబ్బా కంటే పగిలిన డబ్బా నయం. పని నేర్పిన ముసలాయన మొదటి రోజుల్లో తనచేత ఇసక పట్టిన సరుకు గిన్నెడు తినిపించాడు, ఇంకోసారి మర్చిపోకుండా. ముప్పై నాలుగేళ్లలో రెండే రెండుసార్లు గిరగిర డబ్బాకి ఇసక పట్టింది. ఆ రెండుసార్లూ బండి వెనక్కి తిప్పుకుని వచ్చి, మొత్తం మోరీలో పారబోసి, అన్నం తినకుండా పడుకున్నాడు.

తొమ్మిదిన్నరకి లేచాడు. చూసి మూసేద్దాం, అంతే అనుకున్నాడు.

మూత ఎత్తి చూస్తే ఆయన భయపడ్డట్టే ఉంది. గోడ పొడవునా వేలెడు మందాన అంచు పట్టేసింది. నడుమ వేలు పెడితే మెత్తగా దిగిపోయింది.

"పిచ్చితల్లీ, గాలి కొట్టావుటే" అన్నాడు ఇంట్లో లేని కూతురితో. నాలుగింటికి మేనేజరు పంటి కింద కరకరలాడితే? మళ్లీ తొట్టి. మళ్లీ ఆ వేళ్లు ఆ నీళ్లలో.

డబ్బాని ఎడంచేత్తో ఛాతీకి అదుముకుని బల్ల మీదకి చేర్చాడు. ఇంట్లో చెంచాలు ఎడంచేతికి నిలవవు. కసరత్తు అమ్మాయి పిడికి రబ్బరు చుట్టి ఇచ్చిన లావుపాటి చెంచా తలగడ పక్కనే ఉంది. దాంతో అంచు గోకబోతే డబ్బా బల్ల మీద జారిపోయింది. ఇంకో చెయ్యి ఉంటే పట్టుకునేది. ఉంది కదా అని గుర్తొచ్చి, కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, డబ్బా మీద బరువు పెట్టినట్టు పెట్టాడు. డబ్బా కదల్లేదు. ఏడు నెలల్లో ఆ చెయ్యి చేసిన మొదటి పని అదే, బరువుగా ఉండటం.

గోకాడు, నడుమకి తోశాడు, అడుగు నుంచి తిప్పాడు. ఒకప్పుడు పది నిమిషాల పని, అరగంట పట్టింది. అప్పటికి నడుమది జావయి, అంచు కూడా మెత్తబడింది. మళ్లీ పడుతుందిలే అని లోపల పెట్టేశాడు.

పదిన్నరకి మళ్లీ తీశాడు. ఈసారి గోకుతుంటే కుడి అరచేయి కింద చురుక్కుమంది. ఏమిటా అని ఆగాడు. చల్లదనం! స్టీలు చల్లదనం అరచేతికి తెలుస్తోంది. నిప్పు పెట్టినా తెలియని చేతికి! ఆయన కళ్లార్పకుండా చూస్తుండగా చిటికెన వేలూ, దాని పక్క వేలూ డబ్బా అంచు మీదకి వంగాయి. వంగి, పట్టుకున్నాయి.

"ఓర్నీ! ఎవడ్రా నువ్వు!" అన్నాడు తన చేతితో.

పన్నెండింటికి మూడోసారి తీసినప్పుడు రబ్బరు చెంచాని కుడిచేతిలోనే పెట్టాడు. వేళ్లు ఒక్కొక్కటీ బద్ధకంగా, పొద్దున్నే లేపితే కసురుకునే మనుషుల్లా మూసుకున్నాయి. భుజం నుంచి తోశాడు. చెంచా కదిలింది. ఒక చుట్టు తిరిగింది. గిర్రున కాదు, బండి చక్రంలో ఇటుక అడ్డం పడ్డట్టు ఆగి ఆగి తిరిగింది. అయినా తిరిగింది. రెండో చుట్టు. మూడో చుట్టుకి చెమటలు పట్టి, కళ్లలో నీళ్లు తిరిగి, చెంచా జారింది. చాలు. మూడు చుట్లు చాలు. సాయంత్రం కూతురు కౌంటరు కబురు తెస్తుంది, తను చేతి కబురు చెప్తాడు. ఒక్క ఇంట్లో ఒక్క రోజున రెండు మంచి కబుర్లు.

పొద్దున అంచుల దాకా ఉన్న సరుకు రెండు వేళ్లు కిందకి దిగింది. గాలి పోయి అసలు సరుకు మిగిలిందని సంతోషించాడు. పైన చెంచాతో అద్దంలా నునుపు చేసి లోపల పెట్టాడు. చెంచా కడిగే ఓపిక లేదు. మూలనున్న తన పాత కొయ్య బకెట్‌లో పడేశాడు. దాన్ని ఇప్పుడు బట్టల క్లిప్పులు వేసుకోవడానికి వాడుతున్నారు.

ఒంటిగంటకి కుట్టు పిన్ని మెత్తగా మెదిపిన అన్నం గిన్నెతో వచ్చింది. మెడలో టేపు, పైటకి గుచ్చుకున్న నాలుగు సూదులు. రాగానే బల్ల మీద తడి చూసింది, ఆయన చొక్కా మీద తెల్లటి మరక చూసింది.

"బావగారూ, దొంగపిల్లిలా మూతి తుడుచుకోండి ముందు. ఏం నాకారు?"

"ఒట్టు, నాలుక మీద చుక్క కూడా వేసుకోలేదు."

"మరి ఫ్రిజ్ ఎందుకు తీశారు? కాపలా కాయమని మీ అమ్మాయి నాకు కూడా చెప్పి వెళ్లింది."

"ఎవరికి కాపలా? నాకా? నీ కుట్టుమిషను మీద నేను చెయ్యేస్తే ఊరుకుంటావా?"

"ఉన్న ఒక్క చెయ్యీ విరగ్గొడతా."

"అదీ! ఎవరి పని వాళ్లది. ఇది నా పని."

పిన్ని ముద్ద నోటికందిస్తూ ఒక్క క్షణం ఆగింది. "ఇది మీ పని కాదేమో బావగారూ. పేరొకటేగానీ, ఇది వేరే పనేమో."

"చల్లగా ఉండి నోట్లో కరిగేది ఏదైనా నా పనే. నువ్వు ముద్ద పెట్టు."

మూడున్నరకి కూతురు పరుగున వచ్చింది. మూత ఎత్తి వేలితో నొక్కింది. గట్టిగా ఉంది, పైన అద్దంలా ఉంది. "పట్టింది నాన్నా!" అని మొహం వెలిగిపోయింది. అంతలో కళ్లు చిట్లించింది. "తగ్గినట్టుందేంటి?"

"గడ్డకడితే తగ్గదా మరి" అన్నాడు గిరగిర. ఆ మాత్రం అబద్ధం నిజమేనని ఆయన నమ్మకం. ఆమెకి ఆలోచించే వ్యవధి లేదు. తడిగుడ్డ చుట్టి, దాని మీద న్యూస్‌పేపర్లు చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆరయ్యాక వచ్చింది. చెప్పులు విడిచే చప్పుడులోనే సగం తెలిసిపోయింది.

"ఏమన్నారే?"

"బాగుందన్నారు నాన్నా." గోడవైపు తిరిగి సంచి తగిలిస్తోంది. "కౌంటరు మాత్రం మేనేజరు మరదలికట. ముందే మాటిచ్చేశాడట. మనది ఊరికే రుచి చూశారు."

గిరగిరకి ఒళ్లు మండిపోయింది. మేనేజర్ని, మేనేజరు మరదల్ని, ఆ మరదల్ని కన్నవాళ్లని వరసపెట్టి తిట్టాడు. వాడి నాలుక పడిపోవాలన్నాడు, వాడు తినే ప్రతి ముద్దలో వెంట్రుక రావాలన్నాడు. కూతురు వింటూ నిలబడింది. మామూలుగా అయితే "ఊరుకో నాన్నా, బీపీ" అనేది.

"పోనీ ఒక చెంచా పెట్టు. ఆ మహానుభావులు మెచ్చుకున్నది నేనూ చూస్తా."

"నీకు షుగరు. వద్దు." డబ్బాని ఫ్రిజ్‌లో వెనకెక్కడో తోసేసింది.

ఉతికిన బట్టలు ఆరెయ్యడానికి క్లిప్పుల కోసం మూలకి వెళ్లింది. బకెట్ ముందు వంగి, వంగినట్టే ఉండిపోయింది. గోడ వెంట నల్లటి దారంలా చీమల బారు, బకెట్ అంచు ఎక్కి లోపలికి దిగుతోంది. క్లిప్పుల మధ్య నుంచి రబ్బరు పిడి చెంచా తీసింది. దాని మీద ఎండిపోయిన క్రీమ్, క్రీమ్ నిండా చీమలు.

"నాన్నా, ఫ్రిజ్ తీశావా?"

గిరగిర ఒళ్లో చేతికేసి చూసుకున్నాడు. "లేదమ్మా."

"సరే."

అంతే అంది. పంపు దగ్గరకి వెళ్లి చెంచా కడిగింది. చాలాసేపు కడిగింది. గుడ్డతో తుడిచి తెచ్చి ఆయన తలగడ పక్కన, ఎప్పుడూ ఉండే చోటే పెట్టి స్నానానికి వెళ్లింది.

నీళ్ల చప్పుడు మొదలయ్యాక ఆయన లేచాడు. డబ్బా తీశాడు. ముగ్గురు తలొక చెంచా తవ్విన మూడు గుంటలు తప్ప సరుకంతా అలాగే ఉంది. గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. పంటి కింద కరకరమంది.

ఇసక.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి ఆయనకి ఎవరూ అక్కర్లేదు. కొట్టిన గాలి పోయింది. తీసినప్పుడల్లా కరిగింది, పెట్టినప్పుడల్లా మళ్లీ గడ్డకట్టింది. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ పలుకు పెరిగింది. అంచు పట్టింది చూసి ఎవడు చెయ్యి పెట్టమన్నాడు? మూత పెట్టి, తలుపు వేసి, వచ్చినచోట కూర్చోవడం, ఆయన చెయ్యాల్సిన ఒకే ఒక్క పని అది, అదీ చెయ్యలేకపోయాడు.

మర్నాడు పొద్దున, కూతురు పనికి వెళ్లాక, కుట్టు పిన్ని వచ్చి కూర్చోకముందే మొదలుపెట్టింది. క్యాంటీన్ వంటమనిషి ఆవిడ దగ్గర రవికలు కుట్టించుకుంటుంది. వార్తలకి కొదవలేదు.

"మరదలూ లేదు, మట్టీ లేదు బావగారూ. కౌంటరు ఇంకా ఖాళీగానే ఉందట. ఆ మేనేజరు మొదటి చెంచాకే పళ్లు పట్టుకుని, 'ఇదేంటమ్మా, ఇసకలో పోసి గడ్డకట్టించావా? వెళ్లి నీ ప్లేట్లు నువ్వు కడుక్కో' అన్నాడట, అందరిముందూ. ఈ పిల్ల డబ్బా చుట్టుకుని, పక్కన పెట్టి, తొట్టిలో మిగిలిన ప్లేట్లు కడిగి మరీ వచ్చిందట. ఎలా చెడిందో నాకర్థం కాలేదు. ఆదివారం నేను తిన్నాగా, వెన్నలా..."

అంటూ అంటూ ఆగిపోయింది. ఆయన మొహం చూసింది. బల్లకేసి చూసింది. తర్వాత మాట మార్చి, జాకెట్టు చేతులకి గుడ్డ చాలలేదని ఏదో చెప్పుకుపోయింది. ఆవిడకి మాట మార్చడం చేతకాదు. అందుకని ఇంకా తెలిసిపోయింది.

మూడింటికి కసరత్తు అమ్మాయి వచ్చింది. శనివారం క్యాంటీన్ ఒంటిపూటే కాబట్టి కూతురూ ఇంట్లోనే ఉంది. తలుపు దగ్గర నిలబడి వేళ్లకి మందు రాసుకుంటోంది.

"ఏం తాతగారూ, ఈ వారం ఏమన్నా కబురు చెప్పిందా చెయ్యి? బంతి నొక్కారా?"

"ఏం లేదమ్మా."

"చెంచా పట్టుకుందాం. ఏదీ, నా కోసం ఒక్కసారి." కడిగి పెట్టిన చెంచా తీసి అరచేతిలో పెట్టింది.

రబ్బరు చల్లగా తగిలింది. తగిలినట్టు తెలిసింది. చిటికెన వేలు ముందు లేచింది, లోలోపల. పట్టుకో అంటే పట్టుకుంటుంది. తిప్పు అంటే మూడు చుట్లు తిప్పుతుంది. ఈ అమ్మాయి చప్పట్లు కొడుతుంది, ఎప్పుడొచ్చింది, ఏం చేస్తుంటే వచ్చింది అని అడుగుతుంది. తలుపు దగ్గర మందు రాసుకుంటున్న మనిషి కూడా వింటుంది.

గిరగిర వేళ్లు చాపి ఉంచాడు. అలా ఉంచడానికి నిన్న చెంచా తిప్పినంత కష్టమూ పడ్డాడు. చెంచా దొర్లి నేల మీద ఖంగుమంది.

కసరత్తు అమ్మాయి చెయ్యి నిమిరి, చీటీ తీసి ఏదో రాసింది. "ఇక ప్రతివారం నేను రానక్కర్లేదు తాతగారూ. మీరే ఇంట్లో కదుపుతూ ఉండండి" అంది. కూతురు మందు చేత్తోనే కలం పట్టుకుని సంతకం పెట్టింది. కాగితం మీద జిడ్డు వేలిముద్ర పడింది.

"ఇంకొక్క వారం చూస్తారేమో అడగనా నాన్నా?" అంది, ఆ అమ్మాయి మెట్లు దిగుతుండగా.

"ఎందుకమ్మా. దాని పనైపోయింది."

కూతురు చెంచా తీసి పక్కన పెట్టింది. ఆయన చేతిని తలగడ మీద సర్ది, తువ్వాలు కప్పి, బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్లింది.

తువ్వాలు కింద ఏదో కదిలినట్టయి ఎత్తి చూశాడు. నాలుగు వేళ్లూ గుడ్డ అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పెరటి తలుపు వైపు ఒకసారి చూసి, ఎడంచేత్తో ఒక్కొక్క వేలే విడదీసి, మళ్లీ చాపి పెట్టాడు.